సీసా ఖర్చా? బడి ఫీజా?

మా ఆఫీసులో ఒక ఇంగ్లండు ఇంజనీరు సార్ ఉండేవాడు. కాస్త ఖాళీ దొరికితే వాళ్ళ ఊరి పబ్బు ముచ్చటే. అక్కడ తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూచుని బీరు తాగితే ఎవరూ తప్పు పట్టరు. పెద్దవాళ్ళు వెంట ఉంటే పదహారేళ్ళ పిల్లాడు కూడా హోటల్లో భోజనంతో పాటు బీరు తాగొచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. మన ఇళ్ళల్లో రోజూ తాగేవాడు కూడా నాన్న కనబడితే గ్లాసు దాచేస్తాడు.

ఆ సారు కొడుకు చదివేది ఖరీదైన హాస్టలు బడి. ఫీజు కంపెనీ కట్టేది, ఆ బిల్లు టైపు చేసేది మేమే. అలాంటి పాత ప్రైవేటు బడులను అక్కడ 'పబ్లిక్ స్కూల్' అంటారు! కానీ ఆ దేశంలో ప్రైవేటులో చదివేది నూటికి ఆరేడుగురు పిల్లలే. మిగతా వాళ్ళంతా సర్కారు బడికే. మన ఊళ్ళల్లో మాత్రం పిల్లలను కాన్వెంటులో వేయకపోతే గల్ఫ్‌కు పోయి ఏం లాభం అంటారు.

సౌదీలో మందు నిషేధం వెనక కూడా ఒక బ్రిటిష్ అధికారి చావు ఉంది. 1951లో జెద్దాలో, విందులో తనకు ఇంకా మందు పోయలేదన్న కోపంతో మిషారీ అనే రాజకుమారుడు బ్రిటిష్ వైస్ కాన్సల్ సిరిల్ ఔస్మాన్‌ను కాల్చి చంపాడు. మరుసటి ఏడు రాజు అబ్దుల్ అజీజ్ విదేశీయులకు కూడా మందు బంద్ చేశారు. 2024లో రియాద్‌లో ఒక దుకాణం తెరిచారు గానీ తెరిచినప్పుడు అది ముస్లింలు కాని దౌత్య ఉద్యోగుల కోసం. మన క్యాంపులకు దాంతో పని లేదు.

అయినా క్యాంపుల్లో సిద్దీకి దొరుకుతూనే ఉంది. ఆ మాటకు అరబ్బీలో 'నా స్నేహితుడు' అని అర్థం. మా క్యాంపులో ఒక అన్న ఆ స్నేహితుడితో పట్టుబడ్డాడు. ముందు జైలు, తర్వాత ఎగ్జిట్. ఆ కాగితాలు టైపు చేసిందీ మేమే. అప్పుడు ఆయన బిడ్డ పదో తరగతి. వదిన ఫోన్ చేసి, "ఫీజు గడువు ఎల్లుండే, ఎట్లా తమ్ముడూ?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

చట్టం ఇంగ్లండు వాళ్ళకూ ఒకటే, వాళ్ళూ ఇక్కడ జైలుకు పోయారు. కానీ మన ఇంట్లో ఏజెంటు అప్పు, పిల్లల ఫీజు, అమ్మ మందులు అన్నీ ఒక్క జీతం మీదే నిలబడ్డాయి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1992లో సారా అంగడి మూయించారు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. మన అక్కచెల్లెళ్ళు అంత పోరాడితే రెండేళ్ళు నిలిచింది మనకు ఇక్కడ ఊరికే దొరికింది. అన్నలారా, దాన్ని సిద్దీకికి బలి ఇవ్వొద్దు. జీతం చేతికి రాగానే ముందు ఫీజు పంపండి.