ఖ్మేర్ గ్రామజీవన ఛాయాచిత్రాలు: అన్నం, పండుగ, జ్ఞాపకం

ఉపోద్ఘాతం

కంబోడియా అనగానే బయటి ప్రపంచానికి ప్రధానంగా రెండు రకాల చిత్రాలు స్ఫురిస్తాయి. మొదటిది అంకోర్ వాట్ ఆలయం. 1866లో జాన్ థామ్సన్ ఛాయాచిత్రాలు తీసిన నాటి నుంచి అది లెక్కలేనన్నిసార్లు ముద్రితమైంది. రెండవది, ఖ్మేర్ రూజ్ పాలనలో (1975–79) తువోల్ స్లెంగ్ కారాగారంలో తీసిన బందీల ముఖచిత్రాలు. శిల్పవైభవానికీ మారణకాండకూ నడుమ సామాన్య ఖ్మేర్ కుటుంబం కనుమరుగవుతుంది. చాపపై కూర్చుని భోంచేస్తున్న కుటుంబపు ఛాయాచిత్రాన్ని కూడా చారిత్రకాధారంగా ఎందుకు చదవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

1. ఇల్లు – ఆహారం

ఖ్మేర్ భాషలో భోజనం చేయడాన్ని ‘న్యామ్ బాయ్’ అంటారు. ‘బాయ్’ అంటే అన్నం. తెలుగువారి వలెనే ఖ్మేర్లు కూడా ‘అన్నం తిన్నారా?’ అని అడిగి కుశలం తెలుసుకుంటారు. గ్రామీణ ఛాయాచిత్రాలలో స్తంభాలపై నిలిచిన కొయ్య ఇల్లు, దాని కింది నీడలో ఊయల, భుజాన గళ్ళ ‘క్రమా’ వస్త్రం, పొలాల నడుమ తాటిచెట్లు తరచుగా కనిపిస్తాయి. భోజనం మధ్యలో అన్నం, పులుసు వంటి ‘సమ్లా’ ఉంటాయి. వంటకు రుచినిచ్చేది ‘ప్రహోక్’. ఇది చేపలను శుభ్రపరచి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, జాడీలలో పులియబెట్టిన ముద్ద.

ఈ జాడీ వెనుక ఒక నది గమనం ఉంది. వర్షాకాలంలో మెకాంగ్ వరద ఉద్ధృతికి తోన్లే సాప్ నది వెనుకకు ప్రవహించి, అదే పేరు గల సరస్సును అనేక రెట్లు విస్తరింపజేస్తుంది. వరద తీసే నెలలలో చేపలు విస్తారంగా దొరుకుతాయి. ఆ కొద్దికాలపు సమృద్ధిని ఏడాది పొడవునా నిలుపుకొనే ఉపాయమే ప్రహోక్.

2. పండుగలు

నది తిరిగి సముద్రం వైపు మళ్ళే వేళ జరిగే పడవ పందేల పండుగ ‘బోన్ ఓమ్ తూక్’. ఇది కార్తిక పౌర్ణమి నాటిది. ఆ రాత్రి చంద్రునికి మొక్కి, కొత్త వడ్లను వేయించి దంచిన అటుకులను (‘అంబోక్’) అరటిపండుతో కలిపి తింటారు. ఏప్రిల్ నడుమ వచ్చే నూతన సంవత్సరపు తొలి దినం పేరులో సంస్కృత ‘మహాసంక్రాంతి’ నిలిచి ఉంది.

‘ప్చుమ్ బెన్’ భాద్రపద బహుళ పక్షంలో పదిహేను రోజులు జరిగే పితృపర్వం. తెలుగువారి మహాలయ పక్షమూ ఇదే. ‘బెన్’ అనేది సంస్కృత ‘పిండ’ శబ్దభవం. తెల్లవారక ముందే విహార ప్రాంగణంలో అన్నపు ముద్దలను ప్రేతాల కోసం నేలపై విడుస్తారు. అవి వెలుగును భరించలేవని విశ్వాసం. అందుచేత ఈ క్రతువు ఛాయాచిత్రాలలో కొవ్వొత్తి వెలుగు, నీడలే ఎక్కువగా కనిపిస్తాయి.

3. తెగిన పరంపర

1975 నూతన సంవత్సర వేడుకలు ముగిసీ ముగియగానే, ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు నోమ్ పెన్‌ను ఆక్రమించి నగరాన్ని ఖాళీ చేయించాయి. విహారాలు మూతపడ్డాయి, భిక్షువులు కాషాయం విడువవలసి వచ్చింది, పండుగలు ఆగిపోయాయి. క్రమంగా ఇంటి వంటను నిషేధించి, సామూహిక భోజనశాలలలో పలుచని గంజి పోశారు. ఆకలి, రోగం, అతిశ్రమ, హత్యల వల్ల 15 నుంచి 20 లక్షల మంది మరణించినట్లు అంచనా. పూర్వపు హోదా బయటపడుతుందన్న భయంతో అనేకులు కుటుంబ ఛాయాచిత్రాలను పాతిపెట్టారు లేదా నాశనం చేశారు. ఆ కాలపు తన బాల్యాన్ని చెప్పడానికి దర్శకుడు రితీ పాన్ ‘ది మిస్సింగ్ పిక్చర్’ (2013) చిత్రంలో మట్టిబొమ్మలను ఆశ్రయించాడు. ఆ చిత్రం పేరే ఈ లోటును చెబుతుంది.

ముగింపు

ఒకే కుండలో వండుకుని, ఒకే చాపపై తినడం ఒకప్పుడు నిషిద్ధమైన చోట, కుటుంబ భోజనపు ఛాయాచిత్రాన్ని పర్యాటకుని వినోదంగానో పేదరికపు దృశ్యంగానో మాత్రమే చూడడం సరికాదు. తిరిగి దక్కిన జీవితానికి అది సాక్ష్యం. అయితే ఆ సాక్ష్యానికి ఒక హద్దు ఉంది. ప్చుమ్ బెన్ నాడు కుటుంబాలు మృతుల పేర్లు రాసి ఇస్తే భిక్షువులు చదువుతారు. ఆ పేర్లలో దహన సంస్కారానికి నోచుకోనివారు కూడా ఉంటారు. అన్నపు ముద్దను విడిచే చేతిని ఛాయాచిత్రం చూపుతుంది. ఆ ముద్ద ఎవరి కోసమో తెలియాలంటే ఆ కుటుంబాన్నే అడగాలి.