నీడతోటలో పెద్ద ఆకుల హోస్టా: పరిమాణాన్ని నిర్ణయించే అంశాలు

జపాన్, కొరియా, చైనా దేశాలలో సహజంగా పెరిగే హోస్టా, అమెరికా, ఐరోపాల నీడతోటలలో ప్రధానమైన బహువార్షిక ఆకు మొక్క. దీని పెద్ద రకాలలో 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' ప్రసిద్ధమైనది. 1980లో నమోదైన ఈ రకాన్ని అమెరికా హోస్టా సాగుదారుల సంఘం 2004 సంవత్సరపు హోస్టాగా ఎంపిక చేసింది. పూర్తిగా ఎదిగిన దుబ్బు సుమారు 75-90 సెం.మీ. ఎత్తు, ఒకటిన్నర మీటరుకు పైగా వెడల్పు ఉంటుంది.

నీడ మొక్క అన్న పేరు కొంత అపోహకు తావిచ్చింది. హోస్టా నీడను సహిస్తుంది. నీడ వలన పెద్దది కాదు. ఈ రకపు ఆకులు పసుపు-ఆకుపచ్చ వన్నె తేలాలంటే ఉదయపు ఎండ కొంత తగలాలి. మధ్యాహ్నపు తీవ్రమైన ఎండకు ఆకు అంచులు మాడిపోతాయి. మేపుల్ వంటి చెట్ల క్రింద నాటినపుడు మొక్క గిడసబారడానికి వెలుతురు లోపం కన్న నీటి లోపమే తరచుగా కారణమవుతుంది. చెట్టు పైవేర్లు నేలలోని తేమను ముందే గ్రహిస్తాయి; విశాలమైన ఆకుల నుండి బాష్పోత్సేకం ఎక్కువ. హోస్టా వేర్లు ప్రక్కలకు విస్తరిస్తాయి కనుక గుంత లోతు కన్న వెడల్పు ముఖ్యం. బాగా చివికిన సేంద్రియ ఎరువు కలిపి, వర్షం లేనపుడు వారానికి సుమారు 25 మి.మీ. నీరు అందించాలి. అయితే శీతకాలంలో నీరు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది.

పూర్తి పరిమాణానికి అయిదేళ్ళు, అంతకు మించి కూడా పట్టవచ్చు. తరచూ దుబ్బును విడదీస్తే ఆ పరిమాణం ఎన్నటికీ రాదు. విడదీయడంలో మరొక ప్రమాదమూ ఉన్నది. హోస్టా వైరస్ ఎక్స్, మొక్క రసం అంటిన కత్తుల ద్వారా వ్యాపిస్తుంది. దీనికి 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' సులభంగా లోనవుతుంది. లేత రంగు ఆకులపై ఈనెల వెంట సిరా పాకినట్లు ముదురు ఆకుపచ్చ చారలు కనిపిస్తాయి. ఇటువంటి ఆకులను వింత అందంగా భావించి కొత్త రకాలుగా విక్రయించిన సందర్భాలున్నాయి! లక్షణాలు బయటపడటానికి ఏడాదికి పైగా పట్టవచ్చు. చికిత్స లేదు; వేర్లతో సహా తొలగించి నాశనం చేయాలి. ఒక దుబ్బును కోసిన పనిముట్టును శుద్ధి చేయకుండా మరొక దానికి వాడరాదు.

తెలుగు రాష్ట్రాలలో దీని సాగుకు అసలు అవరోధం వేసవి ఎండ మాత్రమే కాదు. ఆకులు రాలిన పిదప మొక్కకు వారాల తరబడి చలితో కూడిన సుప్తావస్థ అవసరం. లంబసింగి వంటి చోట్ల కూడా అంతటి చలి కొన్ని రాత్రులకే పరిమితం. సుప్తావస్థ లభించని మొక్క ఏటేటా చిన్నబడి క్షీణిస్తుంది.