గాజు దాటని ఎండ

తాబేలు తొట్టెకు పెట్టే యూవీబీ దీపం వంశం వెతుక్కుంటూ వెళితే జర్మనీలోని హనావ్ పట్టణంలో తేలతాం. పాదరసం ఆవిరిలోకి కరెంటు పంపితే అతినీలలోహిత కిరణాలు పుష్కలంగా పుడతాయి. కానీ మామూలు గాజు గొట్టం వాటిలో పనికొచ్చేవాటిని దాదాపు మొత్తం తానే మింగేస్తుంది. 1899లో హెరయస్ సంస్థలో పనిచేసే రిచర్డ్ క్యూఖ్ స్ఫటికాన్ని సుమారు 2000 డిగ్రీల మంటలో కరిగించి, మచ్చలేని క్వార్ట్జ్ గాజు తీశాడు. ఆ గాజుతో చేసిన గొట్టంలో పాదరసం నింపాక, లోపల చిక్కుకున్న ఎండకు దారి దొరికింది.

ఆ దీపం విలువ బయటపడింది బెర్లిన్‌లో. యుద్ధం ముగిసిన ఆకలి రోజులవి, 1918–19 చలికాలం. రికెట్స్‌తో ఎముకలు వంగిపోయిన నలుగురు పిల్లలకు కుర్ట్ హుల్డ్‌షిన్స్కీ అనే డాక్టరు ఈ దీపకాంతి పట్టించాడు. ఎముకల్లో కాల్షియం చేరడం ఎక్స్‌రేల్లో స్పష్టంగా కనిపించింది. ఒక చేతికే వెలుగు పట్టించినా రెండు చేతులూ నయమయ్యాయని కూడా ఆయన చూపించాడు. చర్మంలో తయారైనదేదో రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఆ పదార్థం విటమిన్ డీ3. తాబేలు చర్మంలోనూ అదే రసాయనం నడుస్తుంది. మిసిసిపి నదీ ప్రాంతపు ఎర్రచెవుల తాబేలు నీళ్ళలోంచి దుంగ మీదికెక్కి, మెడా కాళ్ళూ చాపి ఎండ కాగుతుంది. 290–315 నానోమీటర్ల యూవీబీ కిరణాలు తగిలితే చర్మంలో డీ3కి ముందు రూపం పుడుతుంది. అది డీ3గా మారాలంటే వెచ్చదనం కావాలి. తాబేలుకు సొంతంగా ఒళ్ళు వేడి చేసుకునే శక్తి లేదు. అందుకే వెలుగునొక మూల, వేడినొక మూల పెట్టడం తప్పు. రెండూ ఒకే పొడి అరుగు మీద పడాలి. అరుగు మీద 30–35 డిగ్రీలు, నీళ్ళలో 24–27 డిగ్రీలు ఉంటే చాలు. డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, చిప్ప మెత్తబడి వంకరపోతుంది. యూవీబీ దీపం కింద ఉంచిన ఎర్రచెవుల తాబేళ్ళ రక్తంలో విటమిన్ డీ గణనీయంగా ఎక్కువ ఉన్నట్టు 2006లో ఒక అధ్యయనం తేల్చింది.

నేటి యూవీబీ ట్యూబులో పాదరసం 254 నానోమీటర్ల కిరణాన్ని విడుస్తుంది. గొట్టం లోపలి పూత దాన్ని యూవీబీగా మారుస్తుంది. గొట్టానిదీ ప్రత్యేకమైన గాజే: యూవీబీని వదిలి, 254ని ఆపుతుంది. కొన్నేళ్ళ కిందట వచ్చిన కొన్ని చుట్టల బల్బుల్లో మరీ పొట్టి తరంగాలు వెలువడి తాబేళ్ళకు కళ్ళు వాచాయి. అందుకే చుట్టల బల్బు కన్నా, కాంతిని సమంగా పరిచే పొడుగాటి ట్యూబే మేలంటాను.

పాత శత్రువు గాజు ఇంకా పోలేదు. తొట్టె మీద అద్దం మూతో ప్లాస్టిక్ రేకో వేస్తే యూవీబీ అక్కడే ఆగిపోతుంది. కిటికీ అద్దంలోంచి పడే ఎండా అంతే, వేడి ఇస్తుంది గానీ డీ3 ఇవ్వదు. ఇనుప జాలీ కూడా కొంత కోస్తుంది. ట్యూబు పూత అరిగిపోతున్నా వెలుగు మాత్రం తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే మాడిపోలేదు కదా అని ఊరుకోకుండా, తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, మార్చేయాలి. రాత్రి దీపాలన్నీ ఆర్పాలి. నీళ్ళ హీటరుకు థర్మోస్టాట్, చుట్టూ రక్షణ జాలీ తప్పనిసరి, తాబేలు గుద్దితే గాజు హీటరు పగులుతుంది.

ఇదంతా దుకాణాల్లో దొరికే విదేశీ తాబేలు సంగతి. మన నక్షత్ర తాబేలును ఎంత చక్కటి దీపం కింద పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే.

ఇప్పుడు పాదరసం లేని యూవీబీ ఎల్ఈడీలు వస్తున్నాయి. కానీ ఊదారంగులో వెలిగే ప్రతి బల్బూ యూవీబీ ఇవ్వదు. కొనేముందు పెట్టె మీద ఆ 290–315 పరిధి ఉందో లేదో చూసుకోండి.