పాట చివరి వరసకు వినబడాలంటే



ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేస్తాం కదా. థింసా ఉంటాది. డప్పు, తుడుము, మోరి ఉంటాయి. మైకు సెట్టు కూడా తెస్తారు. కానీ మైకు పెట్టినంత మాత్రాన పాట వినబడదు. చాలాచోట్ల ఏటవుతాదంటే, డప్పు ఒక్కటే మోగుతుంది, మైకు కుయ్యిమని అరుస్తుంది, పాటలో మాటలు ఎవరికీ తెలియవు. అప్పుడు అందరూ "సౌండు పెంచు, సౌండు పెంచు" అంటారు. పెంచితే ఇంకా పాడవుతుంది. ఎందుకో చెప్తాను.

1. మైకు ఎందుకు కూస్తుంది?
మైకులో పడిన శబ్దం తీగ గుండా యాంప్లిఫైయరుకి వెళ్ళి, అక్కడ పెద్దదై, స్పీకరులోంచి బయటికి వస్తుంది. ఆ స్పీకరు మైకు వైపు తిరిగి ఉంటే అదే శబ్దం మళ్ళీ మైకులో పడుతుంది, మళ్ళీ పెద్దదవుతుంది. ఇలా గిరగిరా తిరిగి కూత అవుతుంది. అందుకని స్పీకర్లను మైకుల కంటే ముందు, జనం వైపు తిప్పి పెట్టాలి. కూత వచ్చినప్పుడు మైకుని చేత్తో మూయరాదు, మూస్తే ఎక్కువవుతుంది. సౌండు తగ్గించాలి, లేదా స్పీకరుకి దూరం జరగాలి.

2. మైకు ఎవరికి కావాలి?
డప్పు, తుడుము, మోరి మైకు లేకపోయినా ఊరవతలికి వినబడతాయి. గొంతుకే మైకు కావాలి. థింసా ఆడేవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని తిరుగుతారు, మైకు దగ్గర ఆగలేరు. కాబట్టి పాడేవాళ్ళు వేరుగా, మైకుకి ఇద్దరు చొప్పున, జానెడు దూరంలో నిలబడాలి. దూరం రెట్టింపైతే శబ్దం తీవ్రత నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే మనం రెండు జానల దూరం జరిగితే పాట నాలుగో వంతే మైకులో పడుతుంది, డప్పు మాత్రం ఎప్పటంతే పడుతుంది.

3. డప్పులు ఎక్కడ ఉండాలి?
స్టేజి మీద పాటకు వాడే మైకులు చాలామటుకు ముందు వైపు ఎక్కువ, వెనక వైపు తక్కువ వింటాయి. డప్పులవాళ్ళు మన వెనక ఉంటే మైకు నోరు వాళ్ళ వైపే ఉంటుంది. వాళ్ళని మైకు వీపు వైపు, ఒక పక్కగా పదడుగుల దూరంలో ఉంచాలి. వాన చెమ్మకి డప్పు చర్మం మెత్తబడి మోత తగ్గుతుంది. ముందే మంట దగ్గర కాచాలి.

4. హాల్లో పెడితే?
శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిధ్వని వేరుగా వినబడుతుందని సైన్సులో చదివాం. గోడ దగ్గరైతే వేరుగా వినబడదు గానీ, గోడలకీ రేకులకీ తగిలి తిరిగి మాటల్లో కలిసి గజిబిజి అవుతుంది. కిటికీలు తెరిచి, వెనక గోడకి మందపు దుప్పట్లు వేలాడదీస్తే కొంత తగ్గుతుంది.

5. ఎలా పరీక్షించాలి?
ఒక్కొక్కరు "హలో హలో" అంటే చాలదు. డప్పులు, పాట కలిపి మొదలుపెట్టి, ఒక చెల్లిని చివరి వరసలో నిలబెట్టాలి. ఆమెకి ప్రతి మాటా తెలిస్తేనే సరి. జనం నిండాక వాళ్ళ బట్టలు, ఒళ్ళు శబ్దాన్ని పీల్చుకుంటాయి, అప్పుడు మరోసారి చూడాలి. తడి చేతులతో మైకుని, తీగల్ని ముట్టుకోరాదు.

ఇదంతా ఎందుకంటే, చివరి వరసలో కూచునేది కొండల మీంచి నడిచొచ్చిన మన అమ్మలు, అవ్వలు. మా అమ్మకి చదువు రాదు, కానీ పాటలో ఒక్క మాట తప్పినా పట్టేస్తుంది. మన పాటలు చాలామటుకు పుస్తకాల్లో లేవు, చెవి నుంచి చెవికే వస్తున్నాయి. చిన్న తరగతుల పిల్లలకి డప్పే వినబడి మాటలు వినబడకపోతే రేపు వాళ్ళు ఏం పాడతారు?

మేడంగారికి మా మనవి. మైకు అతన్ని గంట ముందే రప్పించి, మాకు పరీక్షించుకోవడానికి టైము ఇప్పించండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని