టార్క్ కన్వర్టర్ కంపనం

టార్క్ కన్వర్టర్ కంపనం అనేది ఆటోమేటిక్ గేర్‌బాక్సు గల కార్లలో కనిపించే ఒక లోపము. మధ్యస్థ వేగంతో, యాక్సిలరేటరును తేలికగా నొక్కి నడుపుతున్నపుడు కారు కొన్ని క్షణాలపాటు అదురుతుంది. వరుస గతుకుల మీదుగా వెళ్తున్నట్లు అనిపిస్తుంది. ఇంగ్లీషులో దీనిని షడర్ అంటారు. ఇటువంటి అదురు ఇంజను, చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్టు వలన కూడా రావచ్చు. కారణాన్ని సరిగా గుర్తించకపోతే, నూనె మార్పుతో పోయే లోపానికి గేర్‌బాక్సునే మార్చవలసి వస్తుంది.

నిర్మాణం

మామూలు గేర్ల కారులో క్లచ్చి చేసే పనిని ఇందులో టార్క్ కన్వర్టర్ చేస్తుంది. ఇంజనుతోపాటు తిరిగే ఇంపెల్లరు నూనెను విసురుతుంది. ఆ నూనె గేర్‌బాక్సుకు కలిపిన టర్బైనును తిప్పుతుంది. రెంటి మధ్యనున్న స్టేటరు, తిరిగి వచ్చే నూనె దిశను మార్చి టార్కును పెంచుతుంది. ఈ రకపు యంత్రాలకు జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొటింగర్ 1905లో పేటెంటు పొందాడు.

నూనె ద్వారా శక్తి బదిలీ అయ్యేటపుడు టర్బైను కొంత వెనుకబడుతుంది. ఆ మేరకు ఇంధనం వృథా అవుతుంది. దీనిని నివారించటానికి లోపల లాకప్ క్లచ్చి అమరుస్తారు. 1949లో వచ్చిన పాకార్డ్ అల్ట్రామాటిక్‌లో ఇటువంటి క్లచ్చి ఉండేది. అనేక ఆధునిక కార్లలో ఈ క్లచ్చి కొద్దిగా జారుతూ ఉండేటట్లు కంప్యూటరు నియంత్రిస్తుంది.

కారణం

నూనెలో ఘర్షణను అదుపు చేసే రసాయనాలు క్షీణిస్తే క్లచ్చి పలక నునుపుగా జారదు. వెంటవెంటనే పట్టుకుంటూ, వదులుతూ ఉంటుంది. కమానుతో వయొలిన్ తీగ మ్రోగటం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. తప్పు రకం నూనె పోయటం, క్లచ్చి పలక అరగటం, నూనె పీడనాన్ని నియంత్రించే వాల్వు లోపం ఇతర కారణాలు.

నిర్ధారణ

* కారు ఆగి, గేరు డి స్థానంలో ఉన్నపుడు అదిరి, ఎన్ స్థానంలో తగ్గితే ముందుగా ఇంజను మౌంటులను చూడాలి. ఆగి ఉన్నపుడు లాకప్ క్లచ్చి సాధారణంగా పనిలో ఉండదు.
* ఖాళీ రోడ్డుపై అదురు వచ్చిన వేగంలోనే నడుపుతూ, యాక్సిలరేటరును కదల్చకుండా బ్రేకు పెడలును ఎడమ కాలితో తేలికగా తాకాలి. చాలా కార్లలో అప్పుడు లాకప్ విడిపోతుంది. అదురు వెంటనే ఆగితే టార్క్ కన్వర్టర్‌ను అనుమానించాలి.
* అయితే ఈ పరీక్ష ఒక్కటే చాలదు. లాకప్ బిగిసినపుడు ఇంజను కుదుపులు నేరుగా గేర్‌బాక్సుకు చేరతాయి, విడిపోతే నూనె వాటిని అణచివేస్తుంది. కనుక ఇంజను మిస్‌ఫైరు కూడా ఈ పరీక్షలో మాయమైనట్లు కనబడవచ్చు. స్కానరులో పి0300 కోడు మిస్‌ఫైరును, పి0741 కోడు లాకప్ పనితీరు లోపాన్ని సూచిస్తాయి. కోడు లేనంత మాత్రాన లోపం లేదనుకోరాదు.
* నూనె మట్టం, రంగు, వాసన చూడాలి. సాధారణంగా ఎర్రగా ఉండే నూనె నల్లబడి మాడు వాసన వస్తుంటే క్లచ్చి పలకలు కాలినట్లు అనుమానించాలి.

పౌనఃపున్యం లెక్క

గంటకు 72 కి.మీ. వేగం అంటే సెకనుకు 20 మీటర్లు. టైరు చుట్టుకొలత 2 మీటర్లయితే చక్రం సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. చక్రాల బ్యాలెన్సు లోపం వలన వచ్చే కంపనం 10 హెర్ట్‌జులు ఉంటుంది. వెనుక చక్రాలతో నడిచే కారులో డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే ప్రొపెల్లర్ షాఫ్టు కంపనం 40 హెర్ట్‌జులు అవుతుంది. ఇంజను నిమిషానికి 1,800 సార్లు తిరిగితే ఒక సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే మండుతుంది కాబట్టి, ఆ ఒక్క సిలిండరు మిస్‌ఫైరు 15 హెర్ట్‌జులు. కొలిచిన విలువ వీటిలో దేనికి సరిపోతే దోషాన్ని అక్కడ వెదకాలి.

ఒక ఉదాహరణ

జనరల్ మోటార్స్ 8 గేర్ల గేర్‌బాక్సులు 8ఎల్90, 8ఎల్45 గల అనేక కార్లలో ఈ కంపనం కనిపించింది. పాత నూనెను పూర్తిగా తీసివేసి కొత్త రకం నూనె నింపాలని 2019లో ఆ సంస్థ మెకానిక్కులకు సూచించింది.

భారతదేశంలో

2014లో మారుతీ సెలెరియోతో మన దేశంలో ప్రవేశించిన ఎ.ఎమ్.టి. పద్ధతిలో టార్క్ కన్వర్టర్ ఉండదు. మామూలు క్లచ్చినే యంత్రం నొక్కుతుంది. అందుచేత పై బ్రేకు పరీక్ష అటువంటి కార్లకు వర్తించదు. పరీక్షకు ముందు కారులోని గేర్‌బాక్సు ఏ రకానిదో తెలుసుకోవాలి.