గెలిచే కారా? మురిపించే కారా?

చలన నియమాలు చెబుతూండగా మా తరగతిలో ఇద్దరు విద్యార్థులు వాదనకు దిగారు. ఒకడు నిస్సాన్ జీటీ-ఆర్ గొప్పదన్నాడు. రెండోవాడు టయోటా 86 గొప్పదన్నాడు. "మాస్టారూ, మీరే తీర్పు చెప్పండి" అన్నారు. నేను ఆ రెండు కార్లలో దేన్నీ నడిపినవాణ్ణి కాను. అయితేనేం, ఈ తగవు తీర్చడానికి మీ భౌతికశాస్త్ర పుస్తకం చాలు.

ముందు ఆ కార్ల సంగతి చూద్దాం. రెండూ జపాను కార్లే. 2007లో వచ్చిన జీటీ-ఆర్ బరువు సుమారు 1,740 కిలోలు. దాని 3.8 లీటర్ల ఇంజను 480 అశ్వసామర్థ్యం ఇచ్చేది. నాలుగు చక్రాలకూ ఆ శక్తి అందేది. వెనుక టైర్ల వెడల్పు 285 మి.మీ. జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ అనే పందెపు బాట ఉంది. కొండల్లో మెలికలు తిరిగే ఆ 20 కిలోమీటర్ల పైచిలుకు బాటను తమ కారు 7 నిమిషాల 29 సెకన్లలో చుట్టి వచ్చిందని 2008లో నిస్సాన్ ప్రకటించింది.

2012లో వచ్చిన టయోటా 86 ఇంజను 2 లీటర్లదే. సామర్థ్యం 200. బరువు సుమారు 1,250 కిలోలు. ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. టైర్ల వెడల్పు 215 మి.మీ. మాత్రమే. దీని ప్రధాన ఇంజనీరు తెత్సుయా తాడా టర్బో వద్దు, నాలుగు చక్రాలకు శక్తి వద్దు, నేలను గట్టిగా పట్టే పందెపు టైర్లు వద్దు అని ముందే నిర్ణయించుకున్నాడు. తెలిసి తెలిసి పట్టు తగ్గించుకోవడమేమిటి?

బస్సు మలుపు తిరిగినప్పుడు నిలబడ్డవాళ్ళు పక్కకు ఒరగడం మీరు చూశారు గదా! కదిలే వస్తువు తిన్నగానే పోవాలని చూస్తుంది. దాన్ని వంపు తిప్పడానికి లోపలివైపు లాగే బలం కావాలి. అదే అభికేంద్ర బలం. కారుకు ఆ బలాన్నిచ్చేది టైర్లకూ నేలకూ మధ్య ఉన్న ఘర్షణ. కావలసిన బలం ద్రవ్యరాశి × వేగం వర్గం ÷ వ్యాసార్థం. ఘర్షణ ఇవ్వగల గరిష్ఠ బలం ఘర్షణ గుణకం × ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం. రెండింటినీ సమానం చేస్తే ద్రవ్యరాశి కొట్టుకుపోతుంది!

వేగం వర్గం = ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం × వ్యాసార్థం

40 మీటర్ల వ్యాసార్థం గల మలుపు ఒకటి తీసుకుందాం. ఒక కారు టైర్ల గుణకం 0.8, మరొకదానిది 1.1 అనుకుందాం. మొదటిది గంటకు 64 కిలోమీటర్ల వేగం దాటితే జారుతుంది. రెండోది 75 దాకా నిలుస్తుంది. బాటలో ప్రతి మలుపులోనూ ఇలాగే కలిసివస్తుంటే పందెంలో గెలుపెవరిదో వేరే చెప్పాలా?

అయితే మన శరీరానికి వేగాన్ని కొలిచే అవయవం లేదు. సాఫీగా పోయే రైల్లో కళ్ళు మూసుకుంటే కదులుతున్నట్టే అనిపించదు. లోపలి చెవి కనిపెట్టేది వేగాన్ని కాదు, వేగంలో మార్పును. సీటు వెన్నును నెట్టడం, టైరు కొద్దికొద్దిగా జారడం, స్టీరింగు చేతికి బరువవడం, తేలికవడం: నడిపేవాడి పులకింత ఇక్కడే ఉంది. పట్టు తక్కువైన కారు ఆ హద్దును తక్కువ వేగంలోనే చూపిస్తుంది. పట్టు ఎక్కువైన కారులో ఆ హద్దు చేరాలంటే చాలా వేగం కావాలి.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 64 దగ్గర జారిన కారు కంటే 75 దగ్గర జారిన కారుకు, బరువు సమానమైనా, శక్తి సుమారు 37 శాతం ఎక్కువ. బరువైన కారైతే ఇంకా ఎక్కువ. పైగా వాన పడి గుణకం 0.4కు తగ్గిందనుకోండి. అదే మలుపులో హద్దు 45కు దిగిపోతుంది. పందెపు బాటలో జారినవాడికి ఖాళీ స్థలం, అడ్డుకట్టలు ఉంటాయి. ఊరి రోడ్డు మీద ఎదురుగా సైకిలు మీద బడిపిల్లవాడు ఉంటాడు. అందుకే ఏ కారైనా సరే, హద్దు వెతకవలసిన చోటు రోడ్డు కాదు.

నా తీర్పు ఇది. గడియారాన్ని అడిగితే జీటీ-ఆర్ అంటుంది. తక్కువ వేగంలోనే కారుతో ముచ్చటాడాలనుకునే చేతులను అడిగితే 86 అంటాయి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏం కొలుస్తున్నామో తేల్చుకోకుండా ఏది గొప్పదని అడగడమే పొరపాటు.

మీరే చేసి చూడండి: రెండు ఒకేరకం అగ్గిపెట్టెలు తీసుకోండి. ఒకదాన్ని ఖాళీ చేసి, రెండోదాన్ని ఇసుకతో నింపండి. రెంటినీ ఒక అట్ట మీద పక్కపక్కన పెట్టి, అట్ట ఒక అంచును మెల్లగా ఎత్తండి. రెండూ దాదాపు ఒకే వాలు దగ్గర జారతాయి. ద్రవ్యరాశి ఎలా కొట్టుకుపోయిందో కళ్ళారా చూస్తారు. తర్వాత ఒక రబ్బరు ముక్కను పెట్టి చూడండి. అది మరింత వాలు దాకా నిలుస్తుంది. ఎందుకో మీరే చెప్పండి!