అయానిక సమ్మేళనాల నామకరణం: ఆవేశం – ప్రత్యయభేదం

కీలకపదాలు: అయాన్, ఆవేశం, ప్రత్యయం, నామకరణం, లిప్యంతరీకరణ.

1. ఉపోద్ఘాతం:
మైలుతుత్తం, అన్నభేది, సురేకారం అన్న వ్యవహారనామాలు పదార్థాన్ని గుర్తించడానికి చాలు. దాని కూర్పును తెలుపవు. పేరులోనే కూర్పు తెలియాలన్న సూత్రంతో 1787లో గైటన్ డి మోర్వో, లావోయిజే, బెర్తొలే, ఫూర్‌క్రాయ్‌లు కొత్త నామకరణ పద్ధతిని ప్రకటించారు. ఆ బాటలో ఏర్పడిన నేటి నామాల్లో పై మూడూ వరుసగా కాపర్ సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్, పొటాషియం నైట్రేట్. తెలుగు ఈ పేర్లను అనువదించక లిప్యంతరీకరించుకున్నది. కనుక వాటి ప్రత్యయాల అర్థాన్ని కాపాడే బాధ్యత వర్ణక్రమంపై పడింది. ఆ బాధ్యత ఎంతటిదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆవేశం – సంఖ్యానిర్ణయం:
ఎలక్ట్రాన్లను కోల్పోయిన పరమాణువు ధన అయాన్, గ్రహించినది ఋణ అయాన్. సమ్మేళన నామంలో ధన అయాన్ ముందు, ఋణ అయాన్ తరువాత వస్తాయి. ఏది ఎన్ని ఉన్నదో పేరు చెప్పదు. సమ్మేళనంలో మొత్తం ఆవేశం సున్నా కావాలన్న నియమమే ఆ సంఖ్యను నిర్ణయిస్తుంది. కాల్షియం ఆవేశం +2, క్లోరైడ్ ఆవేశం –1. కాబట్టి కాల్షియం క్లోరైడ్‌లో ఒక కాల్షియంకు రెండు క్లోరైడ్లు. అల్యూమినియం +3, ఆక్సైడ్ –2 కావడంతో అల్యూమినియం ఆక్సైడ్‌లో రెండుకు మూడు. కార్బన్ డయాక్సైడ్ అయానిక సమ్మేళనం కాదు. అందుకే అక్కడ సంఖ్యను పేరులోనే చెప్పవలసి వచ్చింది.

ఇనుము వంటి లోహాలకు ఒకటికి మించిన ఆవేశాలుంటాయి. ఫెర్రస్ అంటే +2, ఫెర్రిక్ అంటే +3. ఈ భేదాన్ని లోహం పేరు పక్కన రోమన్ అంకెతో చూపే పద్ధతిని 1919లో ఆల్ఫ్రెడ్ స్టాక్ ప్రతిపాదించారు.

3. ప్రత్యయభేదం – అర్థభేదం:
నైట్రేట్, నైట్రైట్, నైట్రైడ్ అన్న మూడు పేర్లలో భేదం ఒక స్వరం, ఒక హల్లు మాత్రమే. నైట్రేట్‌లో నైట్రోజన్‌తో మూడు ఆక్సిజన్లు, నైట్రైట్‌లో రెండు ఉంటాయి. రెండింటి ఆవేశమూ –1. అంటే ‘ఏట్’, ‘ఐట్’ ప్రత్యయాలు తెలిపేది ఆక్సిజన్ హెచ్చుతగ్గులనే, ఆవేశభేదాన్ని కాదు. నైట్రైడ్‌లో ఆక్సిజన్ లేదు, ఆవేశం –3. లిథియం నైట్రైట్‌లో ఒక లిథియం చాలు, లిథియం నైట్రైడ్‌కు మూడు కావాలి. టకారం డకారమైతే సమ్మేళనమే మారిపోతుంది.

గసడదవాదేశంలో పదాది టకారం డకారమైనా తెలుగులో అర్థం చెడదు. ‘నీవు టక్కరివి’, ‘నీవు డక్కరివి’ ఒకటే. నైట్రైట్, నైట్రైడ్‌లలోని ట–డ మార్పు అటువంటిది కాదు. నైట్రేటు, సల్ఫేటు అని ఉకారాంతంగా రాయడం వల్ల మాత్రం అర్థహాని లేదు.

ఈ భేదం పుస్తకానికే పరిమితం కాదు. నైట్రేట్ పంటకు పోషకం. నైట్రైట్ మోతాదు మించి శరీరంలో చేరితే హీమోగ్లోబిన్‌ను మార్చి, రక్తానికి ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గిస్తుంది.

4. ముగింపు:
అయానిక సమ్మేళన నామాన్ని ఒక సమాసంగా భావిస్తే, దాని విగ్రహవాక్యాన్ని ఆవేశాలే సమకూరుస్తాయి. ఆ విగ్రహం సాధ్యం కావాలంటే ప్రత్యయం చెడకుండా ఉండాలి. కాబట్టి తెలుగు శాస్త్రగ్రంథాల పరిష్కరణలో ‘ఏట్, ఐట్, ఐడ్’లను పరభాషాపదాల తోకలుగా కాక, విభక్తులంత అర్థవంతమైన ప్రత్యయాలుగా సరిచూడాలి.